అప్‌డేట్: ఐసీయూ నుంచి వచ్చాక మా ఆయనకి నిద్ర పట్టడం లేదని అడిగాను కదా

మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. సెప్సిస్‌తో (ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతిని ప్రాణం మీదికొచ్చే స్థితి) వెంటిలేటర్ మీద ఉండి ఇంటికొచ్చిన మా ఆయన రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారని, నర్సులు తనని కట్టేశారని అంటున్నారని రాశాను. ఐసీయూ ఫాలోఅప్ నర్సుని అడగమన్నవాళ్లకి చాలా థాంక్స్.

ఫోన్ చేస్తే వెంటనే అపాయింట్‌మెంట్ ఇచ్చారు. ఐసీయూ నుంచి వచ్చాక ఇంకా సాయం అవసరమైనవాళ్లని 2-3 నెలలకి మళ్లీ చూడాలని 2009 నుంచీ ఇక్కడ వైద్యం ఎలా చెయ్యాలో చెప్పే సంస్థ నైస్ (NICE) మార్గదర్శకాల్లో ఉంది. డిశ్చార్జప్పుడు మాకెవరూ చెప్పలేదు, అదే బాధ.

ఆ నర్సు ఐసీయూ డైరీ తెచ్చి చూపించింది. ఆయన మత్తులో ఉన్నప్పుడు నర్సులు రాసింది. ట్యూబులు పీకేసుకోకుండా చేతులకి మెత్తటి గ్లౌజులు తొడిగామని అందులో ఉంది. "అయితే నన్ను కట్టెయ్యలేదా?" అని ఆయన రెండుసార్లు అడిగారు. ఇలా మనసు గందరగోళమై లేనివి జరిగినట్టు అనిపించడాన్ని డెలీరియం అంటారని, వెంటిలేటర్ మీద ఉన్న చాలామందికి వస్తుందని, పిచ్చి కాదని ఆమె ఓపిగ్గా చెప్పింది.

కాళ్లలో బలానికి ఫిజియోకి, భయాలకి సైకాలజిస్టుకి రాసిచ్చింది. మెట్లెక్కితే ఆయాసం ఇంకా ఉంది. నిద్ర మాత్రం కాస్త నయం. మీ ఇంట్లో ఎవరైనా ఐసీయూలో ఉంటే, డైరీ రాస్తున్నారేమో ఇప్పుడే అడగండి.