మూడేళ్ళకే మనిషి స్వభావం ఖాయమవుతుందా? పాలమూరు, నల్లగొండ వాళ్ళు చెప్పండి

జడ్చర్ల_అమ్మ: దసరా తర్వాత మా ఆయన, నేను పుణె పనికి పోవాలి. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాం. పాపకు పదకొండు నెలలు. అత్తమ్మ దగ్గర వదిలిపెట్టమంటున్నారు. చిన్నప్పుడు తల్లి దగ్గర లేకపోతే పెద్దయ్యాక మనిషే వేరేగా తయారవుతుందంటారు, నిజమేనా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

అంగన్‌వాడీ_టీచర్: నిజమే చెల్లీ. మొక్కై వంగనిది మానై వంగదు. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972–73లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లలను ఇప్పటికీ గమనిస్తున్నారు. మూడేళ్ళప్పుడు ఎవరు దుడుకు, ఎవరు బెదురు అని రాసి పెట్టుకున్నారు. 26 ఏళ్ళు వచ్చాక చూస్తే ఆ గుణాల ఛాయలు ఇంకా ఉన్నాయి.

దేవరకొండ_వాడు: ఛాయలు ఉండటం వేరు, బతుకు ఖాయమవడం వేరు మేడం. హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మందిని ఎమ్మీ వెర్నర్ బృందం నలభై ఏళ్ళ వయసు దాకా చూసింది. పేదరికం, ఇంట్లో గొడవల మధ్య పెరిగిన పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్ళకు కలిసొచ్చిన వాటిలో ఒకటి, విడవకుండా పట్టుకున్న ఒక పెద్దమనిషి. అమ్మే కానక్కర్లేదు.

అంగన్‌వాడీ_టీచర్: మూడోవంతే కదా. మిగతా ఇద్దరి సంగతి?

దేవరకొండ_వాడు: వాళ్ళలో కూడా చాలామంది ముప్ఫై దాటాక కుదురుకున్నారు. మళ్ళీ చదువుకున్నారు, మంచి తోడు దొరికింది.

అంగన్‌వాడీ_టీచర్: అప్పటిదాకా పడ్డ బాధ ఎవరి ఖాతాలో వేస్తారు? ముగ్గురిలో ఇద్దరు, మళ్ళీ చదవండి.

నల్లమల_గాలి: ఆమె అడిగింది పాప గురించి. లెక్కల గురించి కాదు.

అంగన్‌వాడీ_టీచర్: పాప గురించే చెబుతున్నా. మా సెంటర్‌లో ఒక బాబు రోజూ గుడ్డు తినకుండా జేబులో దాచేవాడు. అమ్మ వస్తే ఇస్తాడట. అమ్మ బొంబాయిలో ఉంది. జేబు కంపు కొట్టేది, విప్పనిచ్చేవాడు కాదు. అలా వదిలేసిన పిల్లలు ఎన్నడూ ఎవరినీ నమ్మరు.

దేవరకొండ_వాడు: "వదిలేసిన" అనకండి! నాకు తొమ్మిది నెలలప్పుడు మా అమ్మ బొంబాయి పోయింది. అవ్వ జొన్నరొట్టె పాలలో నానబెట్టి తినిపించింది. దసరాకు అమ్మ ఎర్ర లారీ బొమ్మ తెస్తే అవ్వ కొంగు వెనక దాక్కున్నాను. అమ్మ అక్కడే కూర్చుని ఏడ్చింది. ఇప్పుడు నా పిల్లలను నేనే నిద్రపుచ్చుతాను, నమ్మడం నాకూ వచ్చు. అప్పు తీర్చడానికి పోయిన మనిషిని దోషిని చేస్తే ఊరుకోను.

అంగన్‌వాడీ_టీచర్: తమ్ముడూ, మీ అమ్మను అనలేదు. నా కొడుకును ఐదో తరగతిలో హాస్టల్‌లో వేశాను. రెండేళ్ళు ఏడ్చాడు, నేను తీసుకురాలేదు. ఇప్పుడు 22 ఏళ్ళు, ఫోన్ ఎత్తడు. అంతా మూడేళ్ళలోపే అయిపోతుందంటే, ఆ తర్వాత నేను చేసింది లెక్కలోకి రాదు కదా. దాన్నే పట్టుకుని కూర్చున్నాను.

దేవరకొండ_వాడు: అక్కా, మా అమ్మ తప్పు లేదని రుజువు చేయాలని నేనూ అంతే పట్టుకున్నాను. కానీ ఆ లారీ ఇంకా దాచుకున్నా. దెబ్బ తగలలేదని చెప్పలేను.

నల్లమల_గాలి: రుమేనియా అనాథాశ్రమాల్లో, దగ్గరికి తీసుకునే స్థిరమైన మనిషి లేకనే పిల్లలు దెబ్బతిన్నారు. రెండేళ్ళ వయసు లోపే కుటుంబాల్లోకి చేరిన వాళ్ళు బాగా కోలుకున్నారు. మీ అత్తమ్మ ఒంట్లో ఓపిక ఉందా, పాప ఆమెకు అలవాటు పడిందా, అది చూడండి. ఇంకోటి, 2025 దాకా అమల్లో ఉన్న 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం, యాభై మంది కంటే ఎక్కువ ఆడవాళ్ళు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు గది ఇవ్వాల్సి ఉండేది. మీరు పోయే చోట అలాంటి గది ఉందేమో మేస్త్రిని అడగండి.

జడ్చర్ల_అమ్మ: అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. పాపను ఎత్తుకుని లేవలేదు. ఇద్దరినీ వెంట తీసుకుపోతానని ఈ రాత్రే మేస్త్రికి ఫోన్ చేస్తా. ఒప్పుకోకపోతే రేపు మళ్ళీ రాస్తా, అక్కా, అన్నా, చూడండి.