తొలి గూఢచారి ఉపగ్రహాలు యుద్ధాన్ని ఆపాయా, ఆయుధాల పోటీని పెంచాయా?

నింగిచూపు:
అమెరికా 'కరోనా' ఉపగ్రహాల గురించి రెండు వారాలుగా చదువుతున్నాను. నా మాట ముందే చెప్పేస్తా: 1960లలో అణుయుద్ధం రాకుండా కాపాడినవాటిలో వీటిది ముందు వరస.

1960 మే 1న సోవియట్‌లు అమెరికా నిఘా విమానం యూ-2ను కూల్చి పైలట్ గ్యారీ పవర్స్‌ను పట్టుకున్నారు. ఆ దెబ్బతో ఆ దేశం మీదుగా నిఘా విమానాలు ఆగిపోయాయి. అవతల వందల ఖండాంతర క్షిపణులు సిద్ధమవుతున్నాయేమోనని వాషింగ్టన్‌లో ఒకటే టెన్షన్. మనం వెనకబడ్డామని కెన్నెడీ ఎన్నికల ప్రచారంలోనూ గట్టిగా అన్నాడు.

ఆగస్టు 18న డిస్కవరర్-14 అనే పేరుతో ఒక కరోనా ఉపగ్రహం పైకి వెళ్లింది. మర్నాడు హవాయి దగ్గర, పసిఫిక్ మీద, పారాషూట్‌కు వేలాడుతూ దిగుతున్న దాని ఫిల్మ్ క్యాప్సూల్‌ను సీ-119 విమానం వెనక వేలాడదీసిన కొక్కేలతో గాలిలోనే అందుకుంది. రెండుసార్లు తప్పి మూడోసారి తగులుకుంది! అంతకుముందు ప్రయోగాల్లో శూన్యంలో ఫిల్మ్ పెళుసెక్కి తెగిపోయేది. పాలియెస్టర్ ఫిల్మ్ వచ్చాకే ఆ బాధ తీరింది. ఆ క్యాప్సూల్‌లో ఉన్నది సుమారు తొమ్మిది కిలోల ఫిల్మ్. యూ-2లన్నీ నాలుగేళ్లలో తీసినదానికన్నా ఎక్కువ సోవియట్ నేల అందులో ఉంది.

1961 జూన్‌లో అమెరికా నిఘా వర్గాలు సోవియట్ ఖండాంతర క్షిపణుల ప్రయోగ వేదికలు 50 నుంచి 100 ఉంటాయన్నారు. సెప్టెంబరుకు అది 10 నుంచి 25కి దిగింది. ఊహలతో భయపడుతున్నవాళ్ల చేతికి లెక్క వచ్చింది. ఇంతకన్నా ఏం కావాలి?

పాతపటం:
లెక్క వచ్చింది సరే, వచ్చాక ఏం చేశారండీ? అవతల అన్ని లేవని తెలిసీ అమెరికా వాళ్లు తమ ఖండాంతర క్షిపణులు, వెయ్యి మినిట్‌మన్ క్షిపణులు నిలబెట్టారు. 1961 అక్టోబరులో అమెరికా రక్షణ శాఖ ఉప కార్యదర్శి గిల్‌ప్యాట్రిక్ మా బలమే ఎక్కువని నలుగురిలో చెప్పేశాడు. అలా గుట్టు బయటపడటం కూడా మరుసటి ఏడాది సోవియట్ నేత క్రుశ్చేవ్ క్యూబాకు క్షిపణులు పంపడానికి ఒక కారణమని చెప్పే చరిత్రకారులున్నారు. ఆ క్యూబా క్షిపణులను పట్టుకున్నదీ ఉపగ్రహం కాదు, 1962 అక్టోబరు 14న వెళ్లిన యూ-2. బాంబు ఎక్కడ వేయాలో గుర్తించే పటాలకు కూడా కరోనా ఫోటోలే ఆధారమయ్యాయి. శాంతి కోసం తీసిన ఫోటోలని నేను అనలేను.

గోదారిగట్టు:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. ఆ మొదటి ఫోటోల్లో పది, పన్నెండు మీటర్లకన్నా చిన్నవి తెలిసేవి కావు కదా. మరి క్షిపణుల లెక్క ఎలా తేలింది?

నింగిచూపు:
మంచి ప్రశ్న అండి. క్షిపణి కోసం కాదు, రైలు పట్టాల కోసం వెతికారు. అప్పటి సోవియట్ క్షిపణి ఆర్-7 ఎంత పెద్దదంటే, దాన్ని రైల్లో తప్ప తరలించలేరు. కింద లైటు వెలిగే బల్ల మీద ఫిల్మ్ పరిచి, భూతద్దం పెట్టి, పట్టాల వెంట అంగుళం అంగుళం చూసుకుంటూ పోయేవాళ్లు. మెయిన్ లైన్ నుంచి చీలి అడవిలో ఆగిపోయిన పట్టా కనిపిస్తే అక్కడ ఆగి చూడాల్సిందే. ఉత్తరాన ప్లెసెట్స్క్ స్థావరం కరోనా ఫోటోల్లోనే బయటపడింది.

పాతపటం గారూ, మినిట్‌మన్ విషయం ఒప్పుకుంటాను. కానీ 1962 ఏప్రిల్ నుంచి సోవియట్‌లకూ జెనిత్ గూఢచారి ఉపగ్రహాలు ఉన్నాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోగలిగారు. 1972 మే 25న చివరి కరోనా ఎగిరింది, మర్నాడే మాస్కోలో క్షిపణి ఒప్పందాల మీద సంతకాలు పడ్డాయి. అవతలివాడి నిఘా సాధనాలకు అడ్డుపడకూడదని అందులోనే రాసుకున్నారు. తనిఖీకి మనుషులను రానివ్వని దేశంతో ఆ ఒప్పందం ఇంకెలా కుదిరేది?

పాతపటం:
ఒప్పందాల వరకు మీరన్నది నిజం, అక్కడ వాదించను. యుద్ధాన్ని ఆపాయన్న మాటకే నా అభ్యంతరం. 1968 ఆగస్టులో చెకొస్లొవాకియా సరిహద్దులో సోవియట్ సైన్యం చేరడాన్ని ఉపగ్రహం ఫోటో తీసింది. ఫిల్మ్ కిందికి దిగి, కడిగి, బల్ల మీదికి వచ్చేసరికి ట్యాంకులు ప్రాగ్‌లో ఉన్నాయి. క్షిపణులు ఎన్నో లెక్కపెట్టడానికి వారాల పాత ఫోటో సరిపోతుంది, రేపటి దాడిని ఆపడానికి సరిపోదు. ఫిల్మ్ అక్కర్లేకుండా బొమ్మను నేరుగా కిందికి పంపే కేహెచ్-11 ఉపగ్రహం వచ్చింది 1976 డిసెంబరులో. మీరు చెప్పే 1960లలో అది లేదు.