ట్రాన్స్‌జెండర్ పిల్లలకు స్కూల్ ఏం చేయగలదు?

ప్రశ్న: జెడ్పీ హైస్కూల్, 8వ తరగతి. రికార్డుల్లో అబ్బాయి. తను అమ్మాయినని, వేరే పేరుతో పిలవమని క్లాస్ టీచర్‌ని అడిగింది. ఇంట్లో తెలియదు. రికార్డులో పేరు మార్చొచ్చా? రోజువారీ విషయాల్లో ఏం చేయాలి?

జవాబు 1: ముందు ఒక మాటండి, ఇంటికి ఫోన్ చేయకండి. ఇంట్లో తెలిస్తే ఏమవుతుందని తననే అడగండి. కొడతారనో, బడి మాన్పిస్తారనో భయముంటే తన ఒప్పుకోలు లేకుండా ఎవరికీ చెప్పొద్దు. స్టాఫ్ రూమ్‌లో అన్న మాట సాయంత్రానికి ఊళ్లోకి వెళ్తుంది. ఏ పేరు ఎవరి ముందు పిలవాలో కూడా తనే చెప్పాలి. పేరెంట్స్ మీటింగ్ రోజు పాత పేరే కావాలనొచ్చు.

అసలు చిక్కు బాత్‌రూమ్ దగ్గర. అబ్బాయిల వైపు వెళ్లలేక ఇలాంటి పిల్లలు పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు, మూత్రంలో ఇన్ఫెక్షన్లు వస్తాయి. స్టాఫ్ బాత్‌రూమ్ వాడుకోనివ్వండి. ప్రతిసారీ తాళం అడిగి తీసుకునే పద్ధతి మాత్రం పెట్టకండి, అందరి కళ్లూ తన మీదే పడతాయి. అసెంబ్లీలో లైన్లు ఎత్తును బట్టి కట్టించండి. జుట్టు కత్తిరించుకు రమ్మని పీఈటీ సార్ పట్టుబట్టకుండా హెచ్‌ఎం చెప్పాలి.

జవాబు 2: అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు హెచ్‌ఎం సొంతంగా మార్చలేరు. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం 5వ సెక్షన్ ప్రకారం గుర్తింపు సర్టిఫికెట్ కోసం మైనర్ తరఫున తల్లిదండ్రులో సంరక్షకులో కలెక్టర్‌కి దరఖాస్తు పెట్టాలి. ఇంట్లో తెలియనంత వరకూ ఆ దారి లేనట్టే. క్లాసులో కోరిన పేరుతో పిలవడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. వివక్ష లేకుండా చదువు చెప్పాలని అదే చట్టం 13వ సెక్షన్ స్కూళ్లకే చెబుతోంది. ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) బోర్డుకి వెళ్లకముందే పని కానివ్వండి. మెమో వచ్చాక బోర్డు చుట్టూ తిరగాలి. బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్‌లో ట్రాన్స్‌జెండర్ కోడ్ ఉంది కదా అని తొందరపడి మార్చకండి, ఆ వివరం ఇంకెంతమందికి కనబడుతుందో చూసుకోండి.

జవాబు 3: ఏడిపించే పిల్లల సంగతి కూడా చూడండి. "నువ్వే సర్దుకో" అంటే తను బడి మానేస్తుంది. తేదీ, చోటు, అన్న మాట రాసి పెట్టి, అన్నవాళ్లను విడివిడిగా పిలిచి మాట్లాడండి. బాత్‌రూమ్‌లో బట్టలు లాగడం, తాకడం లాంటివి జరిగితే అది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు. ఆ చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పి తీరాలి, హెచ్‌ఎం గదిలో రాజీ కుదర్చకూడదు. ఇంట్లో కొడుతున్నారంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. దిగులుగా, నిద్ర లేకుండా ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. రెండు రోజులు రాకపోయినా ఆరా తీయండి.