బావిలో ఈత నేర్చుకున్నవాళ్లు సముద్రంలో స్కూబా చేయొచ్చా?

హన్మకొండ_రెడ్డికాలనీ:
నమస్తే అందరికీ. జనవరిలో నేనూ మా ఆవిడా అండమాన్ వెళ్తున్నాం, అందులో మూడు రోజులు హేవ్‌లాక్‌లో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు). స్కూబా (వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ల లోపలికి దిగడం) చేయాల్సిందే అని తను పట్టుబట్టింది. నాకు ఈత వచ్చు గానీ అది మా ఊరి మోటబావిలో నడుముకు బెండు కట్టుకుని నేర్చుకున్న ఈత. సముద్రమంటే వైజాగ్‌లో మోకాళ్ల దాకా దిగడమే తెలుసు. టెన్షన్ రెండింటికి. కళ్లజోడు తీస్తే ఎదుటి మనిషి ముఖం కూడా ఆనదు, మైనస్ మూడు. ఇక చెవులు, బావి అడుగు దాకా మునిగితే పగిలిపోతాయేమో అన్నంత నొప్పి వచ్చేది. అరగంట కోసం అన్ని డబ్బులు పెట్టాలా, అద్దాల పడవలో కూర్చుని చూస్తే సరిపోదా? చేసినవాళ్లు చెప్పండి, లోపల నిజంగా ఏం కనిపిస్తుంది?

పరకాల_బిడ్డ:
అన్నా, తప్పకుండా చెయ్యండి. నాదీ బావి ఈతే. మొదటిసారి దిగేవాళ్లకు అసలు ఈత రాకపోయినా ఫర్వాలేదు, ఇన్‌స్ట్రక్టర్ మీ సిలిండర్ పట్టుకుని వెనకాలే ఉంటాడు, 12 మీటర్లు దాటి తీసుకెళ్లరు. ఒక్కటి మాత్రం మనం మర్చిపోవాలి. బావిలో దమ్ము బిగబట్టి మునగడం అలవాటు కదా, ఇక్కడ ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడనిది అదే. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు, అక్కడ పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది, దాన్ని బిగబట్టుకుని పైకొస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పీలుస్తూ వదులుతూనే ఉండాలి. నాకు మొదటి ఐదు నిమిషాలు ఇదే కష్టమైంది, ఆ తర్వాత నా ఊపిరి చప్పుడు నాకే వినిపిస్తుంటే మనసు నెమ్మదించింది.

ఏం కనిపిస్తుందంటే, ముందు వినిపించేది చెప్తాను. పోపు గిన్నెలో ఆవాలు చిటపటలాడినట్టు చుట్టూ ఒకటే శబ్దం. చిన్న చిన్న రొయ్యలు కొండీలు టపటపలాడిస్తే వచ్చే చప్పుడట అది. ఇంకో పక్క కరకరమని వినిపిస్తే తిరిగి చూశాను, చిలుక ముక్కులాంటి నోరున్న నీలం ఆకుపచ్చ చేప పగడపు రాయిని కొరుకుతోంది, కాసేపటికి తోక వెనక నుంచి తెల్లటి ఇసుక ధారగా పోసింది! మనం బీచ్‌లో నడిచే తెల్ల ఇసుకలో కొంత ఇలా వచ్చిందే.

అందరూ తాబేలు చూశారా అని అడుగుతారు, నాకు కనిపించలేదు, ఆ లోటూ తెలియలేదు. సీ అనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర ప్రాణి) దగ్గర కదలకుండా ఉండమని ఇన్‌స్ట్రక్టర్ సైగ చేశాడు, అక్కడే ఉండిపోయాం. దాని వేళ్లు తగిలితే మిగతా చేపలకు కుడుతుంది, నారింజ రంగు మీద తెల్ల చారలున్న క్లౌన్ ఫిష్ మాత్రం ఒంటి మీది జిగురు వల్ల అందులోనే కాపురం ఉంటుంది. బొటనవేలంత చేప, నేరుగా నా మాస్క్ మీదికి వచ్చింది, వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చింది. తన ఇంటికి తను కాపలా. అవన్నీ మగవిగానే పుడతాయి, గుంపులో పెద్ద ఆడది చనిపోతే దాని తర్వాతి మగది ఆడదిగా మారుతుంది. బయటికొచ్చాక ఇది తెలిసి, నా మీదికొచ్చింది ఏదో అని చాలాసేపు ఆలోచించాను.

ఇంకోటి. భద్రకాళి గుడిలో కట్టిన ఎర్ర దారం నా చేతికి ఉండేది. లోపల అది నల్లగా, మట్టి రంగులో కనిపించింది. నీళ్లు ముందు ఎరుపునే మింగేస్తాయి. ఇన్‌స్ట్రక్టర్ టార్చ్ వేయగానే మళ్లీ కుంకుమలా ఎర్రగా మెరిసింది. అద్దాల పడవలో ఇవి దొరకవన్నా.

కాజీపేట_టీచర్:
చెవుల సంగతి నేను చెప్తాను, ఎందుకంటే జలుబుతో దిగి రెండు వారాలు బాధపడ్డాను. బావిలో నొప్పి వచ్చింది ఒత్తిడిని సరిచేసుకోకపోవడం వల్లే. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదాలి, నొప్పి మొదలయ్యాక కాదు, ముందే, కొంచెం కొంచెం దిగుతూ ప్రతిసారీ. గట్టిగా ఊదొద్దు. తెరుచుకోకపోతే కాస్త పైకి వెళ్లి మళ్లీ ప్రయత్నించండి. జలుబు ఉంటే ఎంత డబ్బు కట్టినా ఆ రోజు మానేయండి. ఆస్తమా, గుండె సమస్య ఉంటే ఫారంలో దాచకుండా రాయండి. డైవ్ అయ్యాక వెంటనే ఫ్లైట్ ఎక్కొద్దు, ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18. సైగలు కూడా నేర్చుకుని దిగండి, బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి వెళ్దామని. నేను సంతోషంతో వేలెత్తితే నిజంగానే పైకి తీసుకొచ్చేశారు. బాగుందనడానికి చూపుడు వేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టాలి.

వరంగల్_స్టేషన్‌రోడ్:
అంత దూరం వెళ్లలేని వాళ్ల కోసం: రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్, రుషికొండలో స్కూబా ఉంది. నీళ్లు అండమాన్ అంత తేటగా ఉండవు, అయినా భయం పోవడానికి మంచిది. ఎక్కడైనా సరే పగడాన్ని ముట్టుకోకండి, కాలు మోపకండి. రాయిలా ఉంటుంది గానీ అది ప్రాణి. నీళ్లు వేడెక్కి ఇప్పటికే చాలాచోట్ల తెల్లగా పాలిపోతున్నాయి, మన కాలు కూడా తగలాలా?

హన్మకొండ_రెడ్డికాలనీ:
అందరికీ చాలా థాంక్స్. దారం సంగతి మా ఆవిడకు చదివి వినిపిస్తే తనూ కట్టుకుని దిగుతానంది. డైవ్ ఆఖరి రోజుకు పెట్టుకున్నాం, టీచర్ గారి మాట చూసి మొదటి రోజు పొద్దున్నకు మార్చేశాను. మరి కళ్లజోడు?

పరకాల_బిడ్డ:
పవర్ ఉన్న మాస్కులు కొందరి దగ్గర ఉంటాయి, ఇప్పుడే ఫోన్ చేసి మైనస్ మూడు అని చెప్పి పెట్టండి. అది లేకుండా మాత్రం దిగకండన్నా, ఆ బొటనవేలంత చేప మీకు కనిపించాలి.