పీవీసీ పేస్ట్ బకెట్లోనే చిక్కబడుతోంది, ఓవెన్‌లో మాత్రం ఉడకట్లేదు

ప్రశ్న: చర్లపల్లిలో చిన్న యూనిట్ మాది. కటింగ్ ప్లయర్ల పిడులకు పీవీసీ డిప్ కోటింగ్ వేస్తాం. పోయిన నెల రెజిన్ (పేస్ట్‌లో కలిపే పీవీసీ పొడి) మార్చాం. పాతది కే-వాల్యూ (అణువుల గొలుసుల పొడవుకి కొలత) 67, కొత్తది 74. రేణువులు కూడా ఇంకా సన్నవట. డీఓపీ (పీవీసీని మెత్తబరిచే నూనెలాంటి ద్రవం), స్టెబిలైజర్ (వేడికి మాడకుండా కలిపేది), ఓవెన్ సెట్టింగ్ ఏదీ మార్చలేదు. పొద్దున కలిపిన పేస్ట్ సాయంత్రానికి గరిటె తిరగనంత చిక్కబడుతోంది. అంత త్వరగా గట్టిపడేది ఓవెన్‌లో ఇంకా బాగా రావాలి కదా? తొడుగు ఊడదీసి వంచితే పగులుతోంది. సరుకు వెనక్కొచ్చింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఓవెన్ టైం పెంచి చూడండి.

మరో జవాబు: పెంచే ముందు కారణం తెలుసుకోండి, లేకపోతే రేపు రంగు మాడుతుంది. జెల్ అవడం వేరు, ఫ్యూజ్ అవడం వేరు. నానిన బియ్యం అన్నం కాదు కదా! సుమారు 60–100 డిగ్రీల మధ్య రేణువులు డీఓపీని పీల్చుకుని ఉబ్బుతాయి, అది జెల్. తడి కనిపించదు, గట్టిపడినట్టే ఉంటుంది, గోటితో గీకితే పొడిపొడిగా రాలుతుంది. రేణువు ఎంత సన్నమైతే ఉపరితలం అంత ఎక్కువ, పీల్చుకోవడం అంత త్వరగా. వేడి షెడ్డులో ఆ పని బకెట్లోనే మొదలవుతుంది.

అసలు బలం 160–190 దగ్గర వస్తుంది, రేణువుల హద్దులు చెరిగి అంతా ఒకే ముద్ద అయినప్పుడు. అది ఫ్యూజ్. కే-వాల్యూ ఎక్కువంటే గొలుసులు పొడవు, అవి కలిసిపోవడానికి వేడి ఎక్కువ కావాలి. పైగా చిక్కటి పేస్ట్ మందంగా అంటుకుంటుంది, లోపలికి వేడి అందడం ఇంకా ఆలస్యం.

డయల్‌ని నమ్మకుండా పిడి లోహానికే థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టి చూడండి. తొడుగు ముక్కని ఎసిటోన్‌లో అరగంట ఉంచండి (ఓవెన్‌కి దూరంగా, నిప్పంటుకుంటుంది). ఉడకనిదైతే ముక్కలుగా విడిపోతుంది. చిక్కదనానికి మాత్రం రెజిన్‌లో 20 శాతం తీసేసి, పెద్ద రేణువుల బ్లెండింగ్ రెజిన్‌తో ట్రయల్ వేయండి. మెరుపు కొంచెం తగ్గుతుంది, పెద్ద రేణువులు అడుగుకి దిగుతాయి కాబట్టి కలుపుతూ ఉండాలి.

అడిగినవారు: డయల్ 180 చూపిస్తోంది, లోహం 152 దాటలేదు! ఎసిటోన్‌లో ముక్క చివికిపోయింది. బెల్ట్ నెమ్మది చేసి 175కి తెచ్చాక నిలిచింది. కానీ అంచులు పసుపెక్కుతున్నాయి సార్.

మరో జవాబు: స్టెబిలైజర్ కొంచెం పెంచండి, లేదంటే 67కే వెళ్ళిపోండి. ప్లయర్ పిడికి 74 ఎందుకో నాకైతే అర్థం కాలేదు.

అడిగినవారు: రేటు తక్కువని తీసుకున్నాను సార్.