పులి తల రాక్షసుడితో ఆట ఆగిపోయింది, పేర్లు ఎట్లా పెట్టాలి?

మిద్దెమీద_మాస్టర్ (కర్నూలు):
ఆదివారాలు మా మిద్దె మీద ఐదుగురం డన్జన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలేసుకుంటూ తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట) ఆడతాం, కథ నడిపేది నేనే. ఈసారి మన సీమలోనే పెడదామని ఎల్ఫ్‌కి (సాగిన చెవుల అడవి జాతి) గంధర్వుడు, డ్వార్ఫ్‌కి (పొట్టి జాతి) యక్షుడు అని రాసుకుంటూ పోయినా. పోయిన వారం రాక్షసుణ్ణి దింపి, ఆట రూల్సు పుస్తకంలో ఉన్నట్టే పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు అని చెప్తే మావోడొకడు పాచికలు కింద పెట్టేసి "మా జేజి చెప్పిన రాక్షసుడు ఇట్లా ఉండడే" అన్నాడు. ఇంక అరగంట అదే గొడవ. పుస్తకం మాట ఉంచాలా, జేజి మాటా?

అనంత_ఎండ:
జేజి మాటే. తల మార్చి, వాడి బలానికి పుస్తకంలో ఇచ్చిన నంబర్లు ఉంచుకో అన్నా. 1974లో ఆ ఆట వచ్చినప్పుడు అందులో టోల్కీన్ నవలల్లోని పొట్టి మనుషులు హాబిట్లే ఉండేవాళ్లు, ఆ పేరు హక్కులున్నవాళ్లు అడ్డం తిరిగేసరికి హాఫ్లింగులయ్యారు. పేరు పోయినా ఆట ఆగలేదు కదా. గంధర్వుణ్ణి మాత్రం తీసెయ్, సాగిన చెవులతో నాకు ఊహకే రావట్లేదు.

పెన్న_ఒడ్డు (కడప):
అసలు అనువాదమే వద్దు, ఊరి పేర్లలోనే కథలున్నాయి. బండ్లవాళ్లు తుంగభద్ర దాటే ముందు ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవాళ్లని, ఆ కందనవోలే కర్నూలు అయిందని అంటారు కదా, మొదటి సీన్ అక్కడే పెట్టు: రేవులో కందెన అమ్మే ముసలాయన, ఏ బండి ఎంత బరువుతో కుంగిందో చూసి లోపల ఏముందో చెప్పేస్తాడు. యాగంటిలో అగస్త్యుడి శాపం వల్ల కాకులు వాలవంటారు, అంటే మీ డ్రూయిడ్ (జంతువుల రూపం ఎత్తే మంత్రగాడి పాత్ర) కాకి రూపంలో ఆ కొండకు పోలేడు. పైగా నంది పెరుగుతుందంటారు, సెషన్‌కింత పెంచుకుంటూ పో, వాళ్లకే టెన్షన్ మొదలవుతుంది.

కొత్తగా_చేరినా:
ఎల్ఫ్‌లను చెంచులు చేస్తే? అడవి, బాణాలు, సరిపోతాయి.

పెన్న_ఒడ్డు:
వద్దు తమ్ముడూ. వాళ్లు నల్లమలలో ఇప్పటికీ బతుకుతున్న మనుషులు, పక్కూరివాళ్లకు స్టాట్స్ (బలం, తెలివి లాంటి ఆట నంబర్లు) రాసి పాయింటు చెవులు పెడతావా? అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి వాళ్లకు అల్లుడు, ఆ వరస తీసుకో. కనుమ నాడు పార్వేటకు (దేవుడి వేట ఉత్సవం) బయలుదేరి పల్లకిలో ఊరూరూ తిరిగి తన పెళ్లికి పిలుచుకొచ్చే దేవుడు ఉండగా ఇంకో క్వెస్ట్ (సాహసయాత్ర) ఎందుకు, పల్లకికి కాపలా మీవాళ్లే.

మిద్దెమీద_మాస్టర్:
కందెన ముసలాయన ఈ ఆదివారమే దిగుతున్నాడు. పులి తల తీసేస్తా, అరచేతులు మాత్రం ఉంచుకుంటా, నాకు నచ్చాయి. కాకి సంగతి మా డ్రూయిడ్‌కి ఎవరూ చెప్పొద్దు, వాడు కూడా ఇక్కడ చదువుతుంటాడు.