హెచ్‌డీ సినిమా పెడితే తెర మీద ఇసుక చల్లినట్టు ఉంటోంది, ఏం చేయాలి?

హనుమకొండ_కుర్రాడు:
అందరికీ నమస్కారం. దసరాకి 55 అంగుళాల 4కే టీవీ కొన్నాను. ఇంతకుముందుది 32. ముచ్చటపడి మొదటి రోజే నాన్నకి ఇష్టమైన ఎనభైల నాటి సినిమా టీవీలోని యాప్‌లో హెచ్‌డీలో పెట్టాను. పగటి సీన్లు ఫర్వాలేదు. రాత్రి సీన్ రాగానే నల్లగా ఉన్న చోటల్లా చీమలు పాకుతున్నట్టు చుక్కలు. ముఖాల మీద కూడా అంతే. నాన్న ఐదు నిమిషాలు చూసి "ఇంత డబ్బు పోసి దీన్నా తెచ్చింది? పాతదే నయం కదరా" అని లేచి వెళ్లిపోయారు.

పోనీ పాత సినిమా కాబట్టి అనుకుని, లాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ పెట్టి కొత్త సినిమా వేశాను. అదీ బాలేదు, చీకట్లో గళ్లు గళ్లుగా ఉంది. క్రికెట్ మాత్రం అద్దంలా వస్తోంది. నెట్ 100 ఎంబీపీఎస్. షాపతనేమో 2,500 పెట్టి మంచి కేబుల్ కొనమంటున్నాడు. కొనమంటారా?

కేబుల్_కబుర్లు:
కొనకండి. హెచ్‌డీఎంఐలో వెళ్లేది డిజిటల్ సిగ్నల్. కేబుల్ పాడైతే తెర నల్లబడుతుంది, బొమ్మ పోయి పోయి వస్తుంది, లేదంటే తెల్లగా మెరుపులు కొడతాయి. ముఖాల మీద ఇసుక చల్లడం దాని పని కాదు. అయినా మీ నాన్నగారు చూసింది టీవీలోని యాప్‌లో కదా, అక్కడ కేబులే లేదు!

రీలుపెట్టె:
తమ్ముడూ, నేను ఇరవై ఏళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశాను, థియేటర్ డిజిటల్ అయ్యాక మానేశాను. నువ్వు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. కలిపి మందు వేయకు.

ఆ చీమలు ఫిల్ములోనే ఉంటాయి. ఫిల్ము మీద పూత వెండి లవణాల రేణువులు. చీకట్లో తీయాలంటే వెలుతురు త్వరగా పట్టే ఫిల్ము కావాలి, దాని రేణువులు పెద్దవి. సెకనుకి 24 ఫ్రేములు, ఏ ఫ్రేములోనూ రేణువులు ఒకేచోట ఉండవు, అందుకే పాకుతున్నట్టు కనిపిస్తాయి. మా హాల్లో నడిచింది ప్రింటు, అంటే కెమెరాలో తిరిగిన అసలు ఫిల్ముకి (నెగటివ్) తీసిన కాపీ. నెగటివ్ నుంచి ప్రింటు తీసేసరికి కొంత వివరం పోయేది, దాంతో గింజలు కూడా మెత్తబడేవి. ఇప్పుడు నెగటివ్‌నే స్కాన్ చేస్తే అప్పుడు మేం చూడనివి కూడా బయటికొస్తాయి. అది మంచి స్కాన్‌కి గుర్తు. (నాయిస్ రిడక్షన్ గట్టిగా వేసి వాటిని తుడిచేస్తే హీరో మైనపు బొమ్మలా తయారవుతాడు. నాకైతే చుక్కలే నయం.)

కాకపోతే నీ టీవీ వాటిని పదింతలు చేస్తూ ఉండొచ్చు. షాపులో పెట్టిన వివిడ్ మోడ్‌లోనే ఉందా చూడు. సినిమా మోడ్‌కి మార్చి, సబ్‌టైటిల్ అక్షరాల చుట్టూ తెల్ల గీత కనిపించనంత వరకు షార్ప్‌నెస్ తగ్గించు.

గళ్లు వేరే కథ. ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మారినదాన్నే ఎక్కువగా పంపి డేటా మిగుల్చుతారు. డేటా చాలకపోతే ముందు కోత పడేది చీకటి భాగాలకే. బొమ్మ ఆపి దగ్గరికెళ్లి చూడు. పిండి జల్లినట్టు సన్నగా ఉంటే ఫిల్ము, చదరంగం బల్లలా ఉంటే డేటా.

హనుమకొండ_కుర్రాడు:
గురువుగారూ, మీరు చెప్పినట్టే ఆపి చూశాను. పాత సినిమాలో పిండి, కొత్తదాంట్లో చదరంగం. టీవీ నిజంగానే వివిడ్‌లో ఉంది, షార్ప్‌నెస్ 50. సినిమా మోడ్ పెట్టి 10కి దించితే చుక్కలు పోలేదు గానీ ఇప్పుడు కళ్లలో పడటం లేదు. సోఫా కూడా రెండడుగులు వెనక్కి జరిపాం.

లాప్‌టాప్ సంగతి చెప్పడానికే సిగ్గుగా ఉంది. దాని తెర 1366x768 పిక్సెళ్లే. డూప్లికేట్ మోడ్‌లో (రెండు తెరల మీదా ఒకే బొమ్మ) ఉండటంతో టీవీకి కూడా అదే వెళ్తోంది. సెకండ్ స్క్రీన్ ఓన్లీ పెట్టగానే అక్షరాలు శుభ్రంగా వచ్చాయి. గళ్లు మాత్రం ఇంకా కొంచెం ఉన్నాయి.

కేబుల్_కబుర్లు:
బ్రౌజర్‌లో చూస్తున్నారా? కొన్ని ఓటీటీలు కాపీ భయంతో కొన్ని బ్రౌజర్లకి టీవీ యాప్ కంటే తక్కువ క్వాలిటీయే ఇస్తాయి. ఆ సినిమాని కూడా టీవీ యాప్‌లోనే పెట్టండి. సెట్టింగ్స్‌లో డేటా సేవర్ ఆన్‌లో ఉందేమో ముందు చూసుకోండి. రౌటర్ రెండు గోడల అవతల ఉంటే 100 ఎంబీపీఎస్ టీవీ దాకా రాదు, లాన్ వైరు లాగేయండి.

హనుమకొండ_కుర్రాడు:
రౌటర్ బెడ్‌రూమ్‌లోనే ఉంది, మధ్యలో రెండు గోడలే! ఆదివారం వైరు లాగుతాను. నాన్న నిన్న రాత్రి సినిమా మొత్తం చూశారు. బాగుందని మాత్రం అనలేదు.